ముందెవరు, వెనకెవరు?

భిలాయి ఉక్కు నగరం సెక్టర్ 6లోని ఇద్దరు తెలుగు విద్యార్థులకు జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో చెరి 200 మార్కులు వచ్చాయనుకోండి. ఒకరు తప్పుల వల్ల ఏమీ కోల్పోలేదు. ఇంకొకరు 210 సాధించి తప్పులకు 10 పోగొట్టుకున్నారు. 2016లో మొదలైన ఐఐటీ భిలాయిలో మిగిలింది ఒకే సీటు. ఎవరికి?

2024 నిబంధనల ప్రకారం రెండో విద్యార్థికే. మొత్తం సమానమైతే సరైన జవాబులకు వచ్చిన మార్కులు చూస్తారు. అవీ సమానమైతే గణితం, ఆపై భౌతికశాస్త్రం. జేఈఈ మెయిన్ తీరు వేరు. అదే ఏడాది అక్కడ మూడు సబ్జెక్టుల స్కోర్లతోనూ చిక్కు వీడకపోతే, ఒప్పులతో పోలిస్తే తప్పులు తక్కువున్నవారికే పెద్దపీట. ఒకటి తెగువను, ఇంకొకటి జాగ్రత్తను మెచ్చుకుంటోందన్నమాట.

కంప్యూటర్‌కు ఈ పట్టింపు లేదు. హాస్కెల్ వంటి ఫంక్షనల్ భాషల్లో ‘సార్ట్‌బై’కి జాబితాతోపాటు పోలిక సూత్రాన్నీ ఒక ఫంక్షన్‌గా అందిస్తారు. ఇద్దరిని చూపితే ‘ముందు’, ‘వెనక’, ‘సమానం’ అనే మూడింట్లో ఒకటి చెప్పడమే దాని పని. పాత జాబితా చెక్కుచెదరదు, కొత్తది తయారవుతుంది. సూత్రం మారిస్తే చాలు, వరస తిరగబడుతుంది.

అసలు మెలిక ‘సమానం’ దగ్గరే. సమానులను సార్ట్‌బై పాత వరసలోనే ఉంచుతుంది. ఆ వరస దరఖాస్తు నంబర్లదైతే, ఎవరూ కోరకుండానే ముందు దరఖాస్తు చేసినవారు పైకొచ్చేస్తారు. అడ్వాన్స్‌డ్‌లో మాత్రం చివరిదాకా సమానమైతే ఇద్దరికీ ఒకే ర్యాంకు.

సూత్రం రాసేది మనుషులే. అభ్యర్థులు సిలబస్‌తోపాటు దాన్నీ చదువుకోవడం మేలు.