22 ఏళ్లకు మళ్లీ పరుగు
కథాకాలం 26వ శతాబ్దం. నేలను తాకని వాహనాలు, గంటకు 1,000 కి.మీ. దాటే వేగం, ట్రాక్‌పై ఒకేసారి 30 మంది. నింటెండో కోసం సెగా తయారుచేసిన రేసింగ్ గేమ్ ఎఫ్-జీరో జీఎక్స్ 2003లో గేమ్‌క్యూబ్‌పై విడుదలైంది. ఆ తరం కన్సోళ్లు మూలనపడ్డాక, పాత డిస్కు దాచుకున్నవారికి తప్ప అందకుండా పోయింది.

2025 జూన్‌లో స్విచ్ 2తో పాటు తిరిగొచ్చింది. ఇప్పుడు ఆడినా పాతబడినట్టు అనిపించదు. రెండో ల్యాప్ నుంచి బూస్ట్ నొక్కితే వేగం పెరుగుతుంది, ఆ మేరకు వాహనం ప్రాణం తరుగుతుంది. ఆ స్థితిలో ఎవరైనా ఢీకొంటే అంతే సంగతులు. ఎక్కడ తెగించాలో, ఎక్కడ తగ్గాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. స్టోరీ మోడ్ అయితే ఆరితేరిన వారికీ చెమటలు పట్టిస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. స్విచ్ 2లో ఇది చందాదారులకే. చందా ఆగితే ఆటా ఆగుతుంది. అటక మీది డిస్కుకు ఆ బెంగ లేదు. పుస్తకాలకు గ్రంథాలయాలున్నాయి. సినిమాలను భద్రపరిచేందుకు పుణెలో 1964లోనే ఫిల్మ్ ఆర్కైవ్ వెలిసింది. వీడియో గేమ్‌ల ఆయుష్షు మాత్రం చాలావరకు కంపెనీల దయ.