యంత్రమునకు కోట్లు, మనుష్యునకు రెండేండ్లు

గణనశాస్త్రమున డాక్టరేటు పొందిన యువతీయువకులకు పరిశోధక వేతనము లిత్తుమని మన విశ్వవిద్యాలయము లప్పుడప్పుడు ప్రకటించుచున్నవి. ఇది మెచ్చదగిన పనియే. కాని యా వేతనముల గడువును గూర్చి మేము కొంత చెప్పక తప్పదు.

ప్రయోగశాలలో చేసి చూడరాని తుపాను గమనము వంటి వానిని సమీకరణములుగా వ్రాసి, కంప్యూటరుచే లెక్క గట్టించి తెలిసికొను విద్యయే గణనశాస్త్రము. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలకొలది జనము నశించిరి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకక మునుపే హెచ్చరిక వచ్చినది. తీరవాసులు ముందుగా తరలింపబడిరి. ఈ భేదమునకు ఉపగ్రహములతోను, రాడారులతోను పాటు ఈ గణనయు నొక కారణము. కనుక ఇది పండితుల వినోదము కాదు. మన ప్రాణములకును పంటలకును సంబంధించిన విషయము.

శక్తిమంతమైన కంప్యూటరును మనకు విక్రయించుటకు అమెరికా యొకప్పుడు వెనుదీసినది. 1988లో స్థాపితమైన పుణె సీ-డాక్ సంస్థ 1991లో పరమ్ 8000ను స్వదేశముననే నిర్మించి తగిన యుత్తరము చెప్పినది. 2015లో జాతీయ సూపర్‌కంప్యూటింగు పథకమునకు ప్రభుత్వము 4,500 కోట్ల రూపాయలు నిర్ణయించినది. హైదరాబాదు ఐ.ఐ.టి.లోని పరమ్ సేవయు, బెంగుళూరులోని పరమ్ ప్రవేగయు నా పథకముయొక్క ఫలములే.

యంత్రము వచ్చినది. మరి దానిని నడపు మనుష్యుని మాట యేమి? డాక్టరేటు పిమ్మట కేంద్రమిచ్చు జాతీయ ఫెలోషిప్పు గడువు రెండేండ్లు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును గ్రహించి, పెద్ద యంత్రముపై నడుచునట్లు దిద్దుటకే చాల కాలము చెల్లును. ఫలితము కంటబడు వేళకు గడువు ముగియును. పరిశోధకుడు వేరొక జీవనోపాధికై వెడలును; అతని ప్రోగ్రాము మర్మ మెరిగినవాడు విద్యాలయమున మిగులడు. బావి త్రవ్వించి, మోట కట్టించి, తోలువానిని పంట నడుమ పంపివేయు రైతును మన మేమందుము?

గడువు పెంచినచో సోమరితనము పెరుగునని కొంద రందురు. ఆ భయము నిరాధారమని మేమనము. మొదట మూడేండ్లిచ్చి, పని పరీక్షించి, యోగ్యులకు మరి రెండేండ్లిచ్చిన నా దోషము తొలగును. వేతనము నెలనెలకు చేతికందవలెను. ఆకలితో లెక్క కుదురదు. పదుగురికి పనికివచ్చు ప్రోగ్రామును వ్రాయుటయు గ్రంథరచనవలెనే విద్వత్కార్యమని ఉద్యోగ నియామకములలో గణింపవలెను.

భారమంతయు ప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు. మన పూర్వులు సత్రములకును పాఠశాలలకును మాన్యములిచ్చిరి. సంపన్నులగు మన పాఠకులు కొందరు కలిసి, తమ ప్రాంతపు విశ్వవిద్యాలయమున నొక పరిశోధకుని ఐదేండ్లు పోషించిన నది నేటి కాలమునకు తగిన మాన్యము కాగలదు. యంత్రము కొన్నేండ్లకు పాతబడును. నేర్చిన మనుష్యుడు మరి పదుగురికి నేర్పును. దేశమున కేది స్థిరమైన ఆస్తియో మన పాలకులును, ధనికులును ఆలోచింతురు గాక.