సైకిళ్ల దానము – మరమ్మతు భారము

బీదపిల్లలకు సైకిళ్లు పంచిపెట్టు ధర్మకార్యము ఇటీవల మన దేశమునను, దేశాంతరములయందును మిక్కిలి వ్యాపించినది. పాఠశాలలు తెరచు దినములలో పందిరివేసి, వరుసగా నిలిపిన క్రొత్త సైకిళ్ల తాళపుచెవులను బాలికల చేతులలో నుంచు సభలు మన పట్టణములకు క్రొత్తవి కావు. దాతల సదుద్దేశమును మేము శంకింపము. కాని పందిరి విప్పిన పిమ్మట, ఆరు మాసములు గడచునప్పటికి ఆ సైకిళ్లు ఏ స్థితిలో నున్నవో విచారించువారు అరుదు. ఎన్ని సైకిళ్లు పంచితిమని దాతలు చెప్పుకొందురు. రెండవ యేట వానిలో ఎన్ని తిరుగుచున్నవని మేము అడుగుచున్నాము. ఈ ప్రశ్నను ముందే వేసికొని పనికి దిగిన ధర్మసంస్థ యొకటి ఆఫ్రికాఖండమునందలి జాంబియాదేశమున కలదు. దాని పద్ధతి మన దాతలు తెలిసికొనదగినది.

2004 డిసెంబరునాటి సముద్రోపద్రవమున శ్రీలంక తీరవాసులు సర్వస్వమును గోల్పోయిరి. సైకిలు భాగములు తయారుచేయు అమెరికా పరిశ్రమకు చెందిన ఎఫ్. కె. డే, ఆయన భార్యయు ఛాయాచిత్రకారిణియు నగు లియా మిస్‌బాక్ డే, వారి సహాయార్థము 2005లో ‘వరల్డ్ బైసికిల్ రిలీఫ్’ అను సంస్థను నెలకొల్పి, అచ్చట ఇరువదివేలకు మించిన సైకిళ్లను పంచిరి. తరువాత వారు జాంబియాకు పోయి, ఎయిడ్సు రోగుల యిండ్లకు నడచిపోయి పరిచర్య చేయు స్వచ్ఛంద సేవకులకు సైకిళ్లు సమకూర్చిరి. బడిపిల్లల కొరకు ప్రత్యేకముగ కార్యక్రమము 2009లో ఆరంభమైనది.

జాంబియా పల్లెబాటలు మన డొంకదారులవంటివే. అంగడిలో చవుకగా దొరకు సైకిళ్లు ఆ గతుకులలో నిలువజాలవు. అందుచేత ఆ సంస్థవారు బరువైన ఉక్కుతో, గేరులు లేకుండ, పెడలును వెనుకకు త్రొక్కిన ఆగునట్టి బ్రేకుతో, వెనుకతట్టున 100 కిలోల బరువు మోయగల క్యారియరుతో వేరొక సైకిలును రూపొందించిరి. దానికి ‘బఫెలో’ అని పేరు పెట్టిరి. మన రైతులు దున్నపోతును ఏ గుణమునకు మెచ్చుదురో ఆ గుణమునకే ఈ పేరు తగియున్నది. సొగసు లేదు, మొరాయింపును లేదు.

ఇంతకంటె ముఖ్యమైన పని మరమ్మతు విషయమున జరిగినది. గ్రామస్థులనే యెన్నుకొని వారికి మరమ్మతు నేర్పి, పనిముట్ల నిచ్చి, విడిభాగములు అందునట్లు అంగళ్లు ఏర్పరచిరి. పంక్చరు పడిన సైకిలు గోడకు చేరగిలబడిన దినముననే దాత సొమ్ము మట్టిపాలగును. పది రూపాయల వాల్వుగొట్టము దొరకక వేల రూపాయల సైకిలు తుప్పుపట్టుట మన గ్రామములలో ఎవ్వరు చూడలేదు?

ఇక సైకిలు ఇల్లు చేరినపిమ్మట అది యెవరిదన్న ప్రశ్న యొకటి కలదు. మా పాఠకులలో గ్రామ మెరిగిన వారికి దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. బాలికకిచ్చిన సైకిలుపై తెల్లవారుజామున తండ్రి పాలక్యానులు తగిలించుకొని పోవును; సాయంకాలము అన్న సంతకు పోవును; మధ్య మిగిలిన వేళ ఆ పిల్ల నడచియే బడికి పోవును. తండ్రిని నిందించుట సులభమే. కాని పేదయింట ఒకే బండి యున్నప్పుడు అది కూలి తెచ్చువాని క్రిందికే పోవుట సహజము. ఈ చిక్కును జాంబియాలో ఉపన్యాసములతో కాక కట్టుబాటుతో విప్పజూచిరి. ఊరిపెద్దలు, ఉపాధ్యాయులు, తలిదండ్రులు గల సంఘ మొకటి సైకిళ్లపై కన్ను వేసి యుండును. బాలికయు, ఆమె సంరక్షకులును ఒప్పందము వ్రాసి యిత్తురు. నియమితకాలము బడికి హాజరైన పిమ్మటనే సైకిలు ఆమె స్వంతమగును. తక్కిన వేళలలో ఇంటివారు వాడుకొనవచ్చును. బడివేళ మాత్రము అది బాలికది.

ఫలితమును గూర్చి దాతల మాటపైననే ఆధారపడ నవసరము లేదు. జాంబియా పల్లెలలో బడికి మూడు కిలోమీటర్లకు మించిన దూరమున నివసించు బాలికలను తీసికొని, చీట్లు వేసినట్లుగ కొన్ని బడులకు సైకిళ్లిచ్చి, కొన్నిటి కీయక, ఆర్థికశాస్త్రజ్ఞులు పోల్చి చూచిరి. సైకిలు గల బాలికల ప్రయాణకాలము నూటికి 35 వంతులు తగ్గెను. ఆలస్యముగ బడి చేరుట 66 వంతులు, బడి మానుట 27 వంతులు తగ్గెను. గణితమున మార్కులు కొంత హెచ్చెను. కొన్ని కుటుంబములనుండి మరమ్మతు నిమిత్తము స్వల్పరుసుము వసూలు చేసిరి. ఆ యిండ్ల బాలికలలోనే పెద్ద ఆశయములును, పెండ్లిని వాయిదా వేయవలెనను కోరికయు అధికముగ కనబడినవట! దానము చేసి పైకము పుచ్చుకొనుట పాపమని మనలో పలువురు తలంతురు. పైకము పెట్టిన వస్తువును ఇంటివారు పట్టించుకొందురన్న లోకానుభవమును ఇచ్చట తోసివేయరాదు.

మన దేశమున బీహారు ప్రభుత్వము 2006లో మరియొక మార్గము త్రొక్కినది. తొమ్మిదవ తరగతి చేరిన బాలికకు సైకిలు కొనుటకై 2,000 రూపాయల నిచ్చిరి. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను పండితులు పొరుగున నున్న జార్ఖండుతో పోల్చి, బాలికల చేరిక నూటికి 32 వంతులు పెరిగినదనియు, బాలబాలికల నడుమ అంతరము 40 వంతులు తగ్గినదనియు తేల్చిరి. బీహారులో ప్రత్యేకముగ మరమ్మతుదారులను తయారుచేయు పని లేదు. ప్రతి కూడలిలో పంపును, నీళ్లతొట్టియు పెట్టుకొని కూర్చుండువాడు కలడు. జాంబియా పల్లెలలో అట్టివాడు లేనందున సంస్థయే వానిని సృష్టింపవలసివచ్చెను. దాత తన సొమ్ములో ఎంత సైకిలుకు, ఎంత మరమ్మతుకు కేటాయింపవలెనో ఈ భేదమే నిర్ణయించును. మన మన్యపుగూడెములు ఈ విషయమున బీహారు మైదానములకంటె జాంబియాకే దగ్గర.

రెండు దేశముల పరిశోధనలును ఏకముగ పలుకు మాట యొకటి దూరమును గూర్చినది. బీహారులోను లాభము మూడు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న బాలికలకే ప్రధానముగ కలిగినది. కాని మన సభలలో సైకిళ్లు ఎవరికి పోవుచున్నవి? సభామందిరమునకు దగ్గరనున్న బడికి. పిలిచిన వెంటనే రాగల పిల్లలకు. నాలుగు వీధుల దూరమునుండి వచ్చు పట్టణబాలికకు సైకిలు వేడుక. పొలముల నడుమ ఐదు కిలోమీటర్లు ఒంటరిగ నడువవలసినందున ఎనిమిదవ తరగతితో చదువు చాలించు పిల్లకు అది పదవ తరగతికి దారి. ఆమె పేరు దాతకు దొరకవలెనన్న, పదవీ సిఫారసులను, పార్టీ జాబితాలను ప్రక్కకు నెట్టి, బడి హాజరుపట్టీని చేతబట్టుకొని దూరపుపల్లెలు తిరుగు స్వచ్ఛంద సేవకులు కావలెను. ఈ పనికి ఛాయాచిత్రములు పడవు గనుక అభ్యర్థులు తక్కువ.

ఆంధ్రప్రదేశమున ‘బడికొస్తా’ యను పేర ప్రభుత్వమే ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లు పంచియున్నది. ప్రభుత్వము తరగతిని చూచి అందరికి నిచ్చును, అది న్యాయమే. స్వచ్ఛంద సంఘములకు అంత శక్తి లేదు. కాని ప్రభుత్వమునకు సాధ్యము కాని చిన్నపని వారికి సాధ్యము. నూరు సైకిళ్లకు సొమ్ము కూడినచో తొంబదియే కొని, మిగిలిన పదింటి వెలతో ట్యూబులు, గొలుసులు, బ్రేకుకట్టలు నిలువచేసి, బడియొద్ద ఒక పెట్టెలో పంపును, పానాలను ఉంచి, ఆ యూరి యువకునొకనికి పని నేర్పింపవచ్చును. బాలికలకే పంక్చరు వేయుట నేర్పినను తప్పు లేదు. పది సైకిళ్లు తగ్గినవని సభలో ఎవ్వరైన ఆక్షేపించినచో, జవాబు చెప్పు ధైర్యము కార్యదర్శికి ఉండవలెను.

వచ్చు జూనులోను ఇట్టి సభల ఆహ్వానపత్రికలు మా కార్యాలయమునకు వచ్చును. అధ్యక్షుల బిరుదములతోపాటు, క్రిందటి యేడు ఇచ్చిన సైకిళ్లలో నేడు ఎన్ని బడికి పోవుచున్నవో ఆ సంఖ్యను కూడ వానిపై అచ్చువేయింప వలసినదిగా నిర్వాహకులను కోరుచున్నాము.