రాత్రి రక్తపరీక్ష నేర్పిన పాఠం



మా ముదినేపల్లి మక్తబ్‌కు మగ్రిబ్ నమాజు తరువాత హైస్కూలు పిల్లలు ఖుర్ఆన్ నేర్చుకోవడానికి వస్తుంటారు. ఒకనాడు తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పాఠం అప్పగించి కూడా వెళ్లకుండా నిలబడింది.

"హజ్రత్, బోదకాలు పరీక్షకు ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూటే ఎందుకు వస్తారు? పగలు తీస్తే అది రక్తం కాదా? అర్ధరాత్రి రక్తం తీసేవాళ్లను నమ్మకూడదని మా దాదీమా తలుపు తీయనివ్వలేదు" అంది.

నాకు సమాధానం తెలియదు. ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నవాణ్ణి, ఆ మాట ఒప్పుకోవడానికి క్షణకాలం సంకోచించాను. ఆ సంకోచం వెనుక ఒక పాత తప్పిదం ఉంది. దాన్ని తరువాత చెబుతాను. మరునాడు హైస్కూలులో జీవశాస్త్రం బోధించే మాస్టారును అడిగాను. ఆయన నోటిమాటతో సరిపెట్టలేదు. ఆదివారంనాడు సూక్ష్మదర్శినినీ, గాజుపలకపై రంగు వేసి భద్రపరచిన రక్తపు నమూనానూ తీసుకుని మక్తబ్‌కే వచ్చారు. పిల్లలు ఒక్కొక్కరే కన్ను ఆనించి చూశారు. ఊదారంగు చుక్కల నడుమ సన్నని దారపు పోగులాంటిది మెలి తిరిగి కనిపించింది. అది బోదవ్యాధి పురుగు పిల్ల, మైక్రోఫైలేరియా.

మాస్టారు వివరించారు. పెద్ద పురుగులు మన శోషరస నాళాలలో ఏళ్ల తరబడి నివసిస్తాయి. వాటి పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఉండి, రాత్రి పొద్దుపోయాక చర్మానికి దగ్గరగా ఉన్న రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రివేళనే. దోమ శరీరంలో ఆ పిల్ల పురుగు సుమారు రెండు వారాలు ఎదిగి, మరో మనిషికి సోకడానికి సిద్ధమవుతుంది. దోమలో ఈ పురుగు ఎదగడాన్ని 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనుగొన్నాడు.

"అయితే వాళ్లు దొంగచాటుగా రావడం లేదు హజ్రత్, పురుగు బయటికొచ్చే వేళకు వస్తున్నారు" అంది ఆ అమ్మాయి.

ఆ పురుగును చంపే మందు చరిత్ర కూడా మనకు దూరంది కాదు. కైకలూరులో రైలెక్కి ఆకివీడు, ఉండి దాటితే భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో అక్కడే జన్మించారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధన చేశారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నేతృత్వంలోని పరిశోధకులు ఫైలేరియా జాతి పురుగులు సోకిన ఎలుకలపై ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షించి, 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను వెలుగులోకి తెచ్చారు. మన గుమ్మం ముందుకొచ్చి ఇచ్చే డీఈసీ మాత్ర అదే. మరుసటి ఏడాది, 53 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. డెల్టా ప్రాంతాన్ని పీడించిన జబ్బుకు డెల్టాలో పుట్టిన మనిషి మందు వెతికాడని విన్నప్పుడు పిల్లల ముఖాలు వెలిగాయి.

ఇక నా తప్పిదం. ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్రలు ఇచ్చే కార్యక్రమం 2004లో దేశవ్యాప్తంగా మొదలైంది. ఆ తొలి సంవత్సరాలలో మా వీధిలో ఒకాయన మాత్ర మింగిన రాత్రే జ్వరంతో మంచం పట్టాడు. మాత్రల్లో ఏదో కలిపారన్న పుకారు పాకింది. జుమా నమాజు తరువాత కొందరు నన్ను అడిగారు. తెలియదనీ, కనుక్కుని చెబుతాననీ అనవలసింది. "అనుమానమున్నవారు మానుకోండి" అన్నాను. ఎన్నో ఇళ్ల మాత్రలు మురుగుకాలువ పాలయ్యాయి. ఆనాడు మాత్ర మానేసిన ఒక ఇంటి కుర్రవాడికి ఇవాళ బోదకాలు. నా మాటే కారణమని ఎవరూ అనలేదు. అయినా ఆ గుమ్మం ముందు నుంచి నడిచేటప్పుడు తల ఎత్తలేను.

ఆ జ్వరం సంగతి కూడా మాస్టారే చెప్పారు. మందుకు పురుగు పిల్లలు చనిపోతున్నప్పుడు శరీరం ప్రతిస్పందిస్తుంది. దానివల్ల జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వంటివి వచ్చి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. రక్తంలో పురుగులు ఎక్కువగా ఉన్నవారికే ఇవి ఎక్కువ. అంటే మేము భయపడిన ఆ జ్వరం, బహుశా ఆ మనిషికి మందు అవసరమని చెప్పిన సాక్ష్యం!

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోండి. ఈ మాత్రలు పరగడుపున వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. ఆరోగ్యంగా కనిపించే మనిషి రక్తంలో కూడా పురుగులు ఉండవచ్చు కనుక మిగిలినవారందరూ వేసుకోవాలి. ఇప్పటికే వాచిన కాలు మాత్రతో మామూలుగా అయిపోదు; రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తుగా పెట్టుకుంటే బాధ పెరగకుండా ఉంటుంది. క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరుగుతుంది గనుక ఇంటిముందు కాలువ శుభ్రం కూడా వైద్యంలో భాగమే.

జబ్బును పంపిన అల్లాహ్ దానికి నివారణను కూడా పంపాడనీ, వైద్యం చేయించుకోమనీ దైవప్రవక్త (స) బోధించారు. నివారణను వెతకడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. 13వ శతాబ్దిలో కైరోలో జీవించిన ఇబ్న్ నఫీస్ షాఫయీ ఫిఖ్‌హ్ పండితుడు, వైద్యుడు కూడా. గుండెలో రక్తం నడుమ గోడ గుండా కుడి నుంచి ఎడమకు ప్రవహిస్తుందన్న గాలెన్ మాటను ఆయన కాదని, ఊపిరితిత్తుల గుండా వెళుతుందని రాశాడు. శతాబ్దాలుగా అందరూ నమ్మిన మాటను పరిశీలించి చూడడం ఆయన విశ్వాసానికి అడ్డు రాలేదు. శాస్త్రమంతా మన పూర్వీకులే చెప్పారని పిల్లలకు గర్వంగా చెప్పి ఊరుకుంటే చాలదు. వారు పరిశీలించినట్లే మన పిల్లలూ పరిశీలించాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీ బిడ్డ రక్తప్రసరణ పాఠం చదువుతుంటే మార్కులు అడిగే ముందు, ఆ పాఠాన్ని మీకు వివరించమనండి. మనకు తెలియనిది బిడ్డ నోట వినడం చిన్నతనం కాదు.

ఆ అమ్మాయి ఇంట్లో పలకమీద పురుగు బొమ్మ గీసి దాదీమాకు అంతా చెప్పిందట. మళ్లీ కార్యకర్తలు వచ్చిన రాత్రి దాదీమాయే తలుపు తీసి వేలు చాచిందట. "పురుగు కనిపిస్తే నాకూ చూపించాలి" అని షరతు పెట్టిందట.

అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, తెలియనిదాన్ని తెలియదని చెప్పగల ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.