వసారా దూలము ఎక్కడ ఆనాలి?



కోతలయ్యి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులలో మన మండవల్లి వైపు ఇంటి ముందు వసారాలు లేస్తుంటాయి. మొన్న ఒక విశ్వాసి వచ్చి, "అయ్యగారూ, మా అమ్మ లోపల ఉక్కకు తాళలేకపోతున్నది. వసారా వేస్తున్నాము, వచ్చి ప్రార్థన చేయండి" అన్నాడు. వెళ్ళేసరికి దూలములు దూర్చడానికి మేస్త్రి ఇంటి గోడకు మూడు కన్నాలు కొట్టి ఉన్నాడు. ప్రార్థనకు ముందు ఆ కన్నాల సంగతి మాట్లాడవలసి వచ్చింది.

నేనూ ఆ పొరపాటు చేసినవాడినే. కొన్నేళ్ళ క్రిందట మేమున్న ఇంటికి, మట్టితో కట్టిన ఇటుక గోడలో తాటి దూలములు దూర్చి రేకులు వేయించాను. బయటి స్తంభములకు రెండడుగుల గుంట చాలుననుకున్నాము. ఒక వేసవి, ఒక వానాకాలము గడిచేసరికి స్తంభములు క్రుంగాయి. దూలములు గోడ పై వరుసలను కదిపాయి. అది పిల్లలు పండుకునే గది. ఒక రాత్రి గోడ పెళ్ళ ఊడి చాప ప్రక్కన పడింది.

మన కొల్లేటి నల్లమట్టి నీళ్ళు త్రాగి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాత పునాది ఏళ్ళ తరబడి సర్దుకొని ఉంటుంది. క్రొత్త స్తంభము ఇంకా సర్దుకోవాలి. రెండింటినీ ఒక దూలముతో బిగిస్తే ఒకటి దిగినప్పుడు రెండవది చీలుతుంది.

1 రాజులు 6వ అధ్యాయము 6వ వచనము తీసి చూడండి. సొలొమోను మందిరము చుట్టూ మూడంతస్తుల గదులు కట్టించాడు గాని వాటి దూలములను మందిరపు గోడలోనికి దూర్చలేదు. గోడను వెలుపలి నుండి అంతస్తుకు కొంత తగ్గించి, ఆ మెట్ల మీద ఆనించారు. అందుకే క్రింది అంతస్తు వెడల్పు 5 మూరలు, నడిమిది 6, పైది 7. ఎన్నిసార్లో ఈ కొలతలు చదివి దాటిపోయాను. గోడ పగిలాక గాని అర్థము కాలేదు.

మనకు అంత మందపు గోడలు లేవు. కనుక ఇంటి గోడకు అరడుగు ఎడముగా మరొక వరుస స్తంభములు నిలబెట్టండి. మంచము తన నాలుగు కోళ్ళ మీద నిలిచినట్టు వసారా నిలుస్తుంది. గుంట నెర్రెల లోతు దాటాలి. ఇంటి చూరు వసారా రేకుల మీదికి జానెడు దిగితే సందులో వాన కారదు. ఖర్చు రెండు మూడు స్తంభములే ఎక్కువ.

గోడకే తగిలించక తప్పకపోతే, అది సిమెంటుతో కట్టిన 9 అంగుళాల ఇటుక గోడ అయి ఉండాలి. మేకులు కొట్టవద్దు. గోడ ఆవలి వరకు పోయే బోల్టులు వేసి, లోపల వెడల్పైన ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. మట్టి గోడకు ఇదీ పనికిరాదు.

ఇక గాలి. 1977 నవంబరులో దివిసీమను, 1996 నవంబరులో కోనసీమను ముంచిన తుపానులను చూసిన వారికి చెప్పనక్కరలేదు. మూడు ప్రక్కల తెరిచిన వసారా క్రింద గాలి దూరి పైకి ఎత్తుతుంది. స్తంభము అడుగున కాంక్రీటు బరువు ఉండాలి, దూలమును స్తంభమునకు ఇనుప పట్టీతో బిగించాలి, రేకులకు కొక్కెపు బోల్టులు వేయాలి.

మేస్త్రికి కొంచెము కోపము వచ్చింది గాని కన్నాలు పూడ్చి స్తంభములు పోశాడు. పెద్దామె అప్పుడే పీట తెచ్చుకొని, "అయ్యగారూ, దీనికి ఆనుకోవచ్చా?" అని అడిగింది. "వారము రోజులు తడపనివ్వండమ్మా" అన్నాను.