కట్టకన్నా ముందు కోడి

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల చెరువుల కింద బతుకుతున్న ప్రజలకు విన్నపం



మన జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని అన్నీ నంది కొండల వైపే పుట్టినా, వాన పడితేనే అవి ఏర్లు, లేకుంటే ఇసుక మేటలు. అందుకే మన పెద్దలు వంక వంకకూ అడ్డంగా మట్టికట్ట వేశారు. పై చెరువు నిండి కోడి (అలుగు) పోతే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసు కట్టారు. చెరువంటే మనకు సాగునీరు, బోరుకు ఊట, గొడ్లకు దాహం తీరే చోటు. దానికి ఇంకో పని కూడా ఉంది. కొండల్లో ఒక్క రాత్రిలో కురిసిన వానను పట్టి నిలిపి, ఊరి మీద పడకుండా మెల్లగా వదలడం. అంటే ప్రతి చెరువుకట్టా వరదను కాసే చిన్న ఆనకట్టే. ఆ సంగతి మనం మరిచాం. దాన్ని గుర్తు చేయడానికే ఈ కరపత్రం.

2021 కార్తీకం గుర్తుందా?

ఆ నవంబరులో ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండి కోడి పోయాయి. గంగమ్మకు పసుపు కుంకుమలు ఇచ్చాం, హారతి పట్టాం. అయితే మా ఊరి కట్ట మీద ఒక రాత్రి పూజతో గడవలేదు. నీళ్లు కట్ట తలకు జానెడు దూరానికి వచ్చాయి. కోడి ఎందుకు పారడం లేదని వెళ్లి చూస్తే అక్కడ కోడే కనబడలేదు. ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని ఎప్పుడో ఎవరో దాని మీద బండలు పేర్చి మట్టి మెత్తారు. దాని మీద జాలికంప అడవిలా పెరిగింది. సెల్‌ఫోన్ల వెలుతురులో కంప నరికి, గడపారలతో ఒక్కో బండా పెకలించాం. ఆడవాళ్లు యూరియా సంచుల్లో మట్టి నింపి అందించారు. కోడిజాముకు నీళ్లు దారి చూసుకున్నాయి, కట్ట నిలిచింది. ఆ బండలు పేర్చింది పరాయివాళ్లు కాదు. మా ఊరివాళ్లమే.

అదే నెల 19న కడప వైపు జరిగింది వినే ఉంటారు. మన చిత్రావతి, పాపాఘ్నిలాగే చెయ్యేరు కూడా పెన్నలో కలిసేదే. ఎగువన పింఛా జలాశయం కట్ట తెగింది. ఆ వరద కూడా కలిసి రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లి దాన్ని కోసుకుపోయాయి. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట వంటి ఊళ్లలో ఇళ్లూ మనుషులూ కొట్టుకుపోయారు. గొలుసులో ఒక కట్ట తెగితే దాని భారమంతా కింది కట్ట మీద పడుతుంది. మన చెరువులదీ అదే గొలుసు.

మట్టికట్ట ఎలా తెగుతుంది?

రెండే దారులు చెప్పుకుంటే చాలు. మొదటిది, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. రాతికట్ట కాసేపు తట్టుకుంటుంది గానీ మట్టికట్ట తట్టుకోదు. వెనుక వాలు మీద సన్నగా మొదలైన కోత గంటల్లో గండి అవుతుంది. రెండోది, లోపల నుంచి కారడం. ఎలుకబొరియ, పీతబొక్క, ఎండిన చెట్టు వేరు వదిలిన సొరంగం, తూము పక్కన వదులైన మట్టి, ఏదైనా చాలు. కట్ట అడుగున తేటనీళ్లు ఊరితే కనిపెట్టి ఉండాలి. బురదనీళ్లు వస్తే కట్టలోని మట్టి కరిగిపోతోందని అర్థం. అప్పుడు ఆ బొక్కలో గుడ్డలు కుక్కకూడదు, నీళ్లు పక్కన ఇంకో దారి తీస్తాయి. ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేయాలి. నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది.

ఈ మాటలు కొత్తవి కావు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో పోరుమామిళ్లలో చెరువు తవ్వించి వేయించిన శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీళ్లు కారడం ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఇంకో దోషం. బాగేపల్లి వాళ్లకు ఈ రెండో మాట బాగా తెలుసు. పరగోడు దగ్గర చిత్రావతి మీద అడ్డుకట్ట అనగానే కింద ఆంధ్రావాళ్లకు నీళ్ల బెంగ. వరద రోజు మాత్రం పొలిమేర ఉండదు. ఇక్కడ వదిలిన నీళ్లు పుట్టపర్తి మీదుగానే పోవాలి.

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు

హెబ్బాళ-నాగవార వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్లను పంపులతో మన జిల్లాలో 44 చెరువులకు తేవాలనుకున్నారు. కోరమంగల-చల్లఘట్ట వ్యాలీ నీళ్లు చింతామణి వైపూ వచ్చాయి. వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని నేలలో ఆ నీళ్ల విలువ మాకూ తెలుసు. కానీ వానకాలానికి ముందే నిండి ఉన్న చెరువులో వరదకు చోటేదీ? పైగా ఏళ్లపాటు ఎండి పగుళ్లిచ్చిన కట్ట ఇప్పుడు ఏడాదంతా నీళ్లు మోస్తోంది.

లెక్క చూడండి. నూరు ఎకరాల నీటి విస్తీర్ణం ఉన్న చెరువులో కోడి కంటే రెండడుగులు తగ్గించి ఉంచితే 24 కోట్ల లీటర్లకు పైగా చోటు దొరుకుతుంది. దాని పైన పది చదరపు కిలోమీటర్ల మేర ఒక రాత్రి పది సెంటీమీటర్ల వాన పడిందనుకోండి, మొత్తం 100 కోట్ల లీటర్లు. అందులో సగం నేలలో ఇంకి, సగం పారి వచ్చినా, ఆ పారిన దాంట్లో దాదాపు సగాన్ని ఆ రెండడుగులే పట్టేస్తాయి.

ఈ ఉపాయం నేర్పింది మన ముద్దేనహళ్లి బిడ్డే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరి పక్కన గోడ ఎత్తు పెంచితే చాలదు, వరదను ఎగువనే పట్టి ఉంచడానికి జలాశయాలు కావాలని ఆయన చెప్పాడు. అలా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆయన పుట్టిన జిల్లాలో ఆ పాఠం మరుగున పడటం మనకు తగదు.

కొందరు అడుగుతారు: వచ్చిన నీళ్లు వదిలేస్తే రేపు వాన రాకపోతే ఏమిటి గతి? న్యాయమైన భయమే. అయితే వదిలిన నీళ్లు వృథా కావు, కింది చెరువు వాళ్లకు చేరతాయి. పంపు నీళ్లు డిసెంబరులో మళ్లీ వస్తాయి. తెగిన కట్ట అంత తొందరగా రాదు. ఇంకొందరు, కట్ట ఇంకో అడుగు ఎత్తితే పోదా అంటారు. కోడి మూసుకుపోయి ఉంటే ఎత్తిన అడుగు వెనుక ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయి, తెగినప్పుడు నష్టం అంతకంతకూ పెరుగుతుంది. కోడి అడుగు ఎత్తితే కట్ట అడుగు తగ్గినట్టే.

కాపలా ఎవరిది?

2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అది 15 మీటర్లకు పైబడిన ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. మన ఊరి చెరువుల్లో చాలావరకు దాని కిందికి రావు. ఆయకట్టు 40 హెక్టార్ల లోపైతే పంచాయతీరాజ్, ఆ పైనైతే చిన్న నీటిపారుదల శాఖ. కానీ గొలుసులో రెండు రకాలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒకప్పుడు చెరువుకు నీరుగంటి ఉండేవాడు. తూము తిప్పేది, కట్ట మీద తిరిగేది, ఉధృతి వస్తే ఊరిని లేపేది ఆయనే. ఆ వృత్తిని పోగొట్టుకున్నాం, దాని స్థానంలో ఏదీ పెట్టలేదు.

మా కోరికలు

1. ప్రతి చెరువు కోడి అసలు మట్టం రికార్డు చూసి కొలవాలి. ఆ మట్టాన్ని రాతి మీద ఎర్రగీతతో గుర్తించాలి. పైన పేర్చిన బండలూ మట్టీ మే నెలాఖరులోగా తీసేయాలి.

2. కోడి నుంచి కింది చెరువు దాకా రాజకాలువ సర్వే చేసి హద్దురాళ్లు నాటాలి. ఆక్రమణ ఎవరిదైనా తొలగించాలి.

3. కట్ట మీది జాలికంపను ఎండాకాలంలోనే నరకాలి. పెద్ద చెట్టు తీస్తే వేళ్లు తవ్వి, ఆ గుంతలో బంకమట్టి పోసి దిమ్మిసతో కొట్టాలి.

4. ప్రతి చెరువుకూ జీతమిచ్చి ఒక నీరుగంటిని పెట్టాలి. పై ఊరి నీరుగంటి నుంచి కింది ఊరి దాకా, పొలిమేర దాటి ఆంధ్రా ఊళ్ల దాకా ఫోన్ల వరుస ఉండాలి.

5. అక్టోబరు, నవంబరు నెలల్లో పంపు నీళ్లు వచ్చే చెరువులను కోడి కంటే రెండడుగులు తక్కువగా ఉంచాలి.

6. రెండు శాఖల చెరువులనూ ఒకే రిజిస్టరులో గొలుసు వరుసన రాయాలి. ఏడాదికి రెండుసార్లు రైతుల సమక్షంలో కట్ట తనిఖీ చేయాలి.

వీటిలో కొన్నింటికి సర్కారు కావాలి. మొదటి పనికి మాత్రం మనమే చాలు. వచ్చే గ్రామసభలో ఈ ఆరు కోరికలూ చదివి తీర్మానం చేయించండి. ఆ మరునాడే పార, గడపార, కొడవలి పట్టుకుని ఊరంతా కోడి దగ్గరికి రండి. కోడి ఎక్కడుందో ముందు మీ పిల్లలకు చూపించండి. నీళ్లు పోయే దారి తెలిసిన ఊరిని నీళ్లు ముంచవు.

— చెరువు కింది రైతులు