ఈల వేస్తే తప్పేముంది?

“ఆడపిల్లవై ఉండి ఆ ఈలేంటే!” అన్న తిట్టు మనలో చాలామంది చిన్నప్పుడు తిన్నదే. ఇంటికి అరిష్టమనేవారు మామ్మలు. అదే ఈల మెళ్లో తాడుకి వేలాడుతుంటే, నెట్టు చివర ఎత్తుపీట మీద నిలబడి ఒక్కసారి ఊదితే, కోర్టులో ఉన్న పన్నెండుగురు పిల్లలూ చుట్టూ కేకలేస్తున్న జనమూ ఠక్కున ఆగి ఆమె చేతివంకే చూస్తారు. వాలీబాల్ రిఫరీ పని అది. ఈ వారం దాని గురించి మాట్లాడుకుందాం.

మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలకి మీ అమ్మాయిని తీసుకెళ్లి ఉంటే చూసే ఉంటారు. రెండు జట్లలోనూ ఆడేది ఆడపిల్లలే. విజిల్ ఊదేది మాత్రం ఎక్కువ చోట్ల సార్. ఆయన తప్పుగా ఊదుతాడని మేం అనడం లేదు. చాలామంది నిజాయితీగానే చేస్తారు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. వాలీబాల్ లో రిఫరీ నిర్ణయం ఎందుకలా వచ్చిందని అడిగే హక్కు జట్టు మొత్తానికీ ఉండదు, కోర్టులో ఉన్న కెప్టెన్ ఒక్కతికే ఉంటుంది. ఆ కెప్టెన్ పద్నాలుగేళ్ల పిల్ల. ఇంట్లో నాన్న ముందు గొంతెత్తని పిల్ల, ఊరుకాని ఊళ్లో, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి దగ్గరికి వెళ్లి “సార్, అది మాకెందుకివ్వలేదు?” అని అడుగుతుందా? తల వంచుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఇక మ్యాచి మధ్యలో నెలసరి వచ్చిన పిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. టైమ్ అవుట్ అడగడానికి కోచ్ కీ నోరు రాదు, ఎందుకంటే ఆయనా సారే.

ఇంతకీ రిఫరీ అంటే ఒక్కరే కాదు. పీట మీద ఉండేది మొదటి రిఫరీ. బంతిని పట్టుకున్నారా, రెండుసార్లు తాకారా అన్నది ఆమె కన్ను తేల్చాలి. ఎదురుగా నేల మీద రెండో రిఫరీ. బ్లాకుకి ఎగిరిన పిల్ల నెట్టుని తాకిందా, మధ్యగీత దాటి అవతలికి వెళ్లిందా, సర్వీసు అందుకునే జట్టు తమ తమ స్థానాల్లోనే ఉందా అన్నది ఈమె చూడాలి. బల్ల దగ్గర స్కోరు రాసేవాళ్లు, మూలల్లో జెండాలతో లైన్ జడ్జీలు. జెండా కిందికి దించితే బంతి లోపల పడ్డట్టు, పైకెత్తితే బయట పడ్డట్టు. ముందు ఈల, తరవాతే చేతి సైగ. ఎవరికి పాయింటు, ఏం తప్పు జరిగిందీ మాట పెగలకుండానే చెప్పాలి. రెండు గంటలు పెదవి విప్పకుండా అందర్నీ అదుపులో పెట్టడం మన ఆడవాళ్లకి కొత్త విద్యేం కాదు లెండి!

“స్కూల్లో ఆడాను, అదంతా నాకు తెలుసు” అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. మనం ఆడిన రోజుల్లో సర్వీసు చేసిన జట్టుకే పాయింటు, సెట్టుకి 15. ఆ పద్ధతి 1990ల చివర్లో పోయింది. ఇప్పుడు సర్వీసు ఎవరిదైనా బంతి బంతికీ పాయింటే. సెట్టుకి 25, అయిదో సెట్టయితే 15. వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరసలోనే ఆడే ‘లిబరో’ అన్న మనిషి 1998లో వచ్చింది. కాబట్టి రూలు పుస్తకం మళ్లీ మొదటినుంచీ చదవాల్సిందే.

మన దగ్గర స్కూలు పోటీలకి రిఫరీలుగా వచ్చేది ఎక్కువగా పీఈటీలే. వాళ్లు కాక, ఒకప్పుడు ఆడినవాళ్లు రాష్ట్ర వాలీబాల్ సంఘం పెట్టే రిఫరీ పరీక్ష రాసి రావచ్చు. ఆ పైన జాతీయ స్థాయి పరీక్ష. రూల్స్ బట్టీ పట్టి రాత పరీక్ష గట్టెక్కినా, గ్రౌండులో నిలబడినప్పుడే అసలు చదువు. అందుకే జెండా పట్టుకోవడంతోనో, స్కోరు షీటుతోనో మొదలుపెట్టడం మేలు. కాలేజీకి ఆడి, పెళ్లయ్యాక బూట్లు అటకెక్కించిన వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పి.వి.సింధు తల్లి విజయగారు కూడా జాతీయ స్థాయిలో వాలీబాల్ ఆడినవారే. ఆ తరం ఆటగత్తెలందరి కన్నూ, అనుభవమూ వంటింటికే పరిమితమైపోతే నష్టం ఎవరికి?

అమెరికాలో ఇది టీచర్ల పని కాదు. అక్కడ 1972లో చట్టం వచ్చాక హైస్కూలు ఆడపిల్లల ఆటలు బాగా పెరిగాయి. ఆఫీసుకెళ్లే ఆవిడైనా, ఇంట్లో ఉండే ఆవిడైనా రాష్ట్ర హైస్కూలు క్రీడల సంఘంలో పేరు నమోదు చేసుకుని, రూల్స్ పరీక్ష రాసి, శిక్షణ తరగతికి హాజరై, తెల్ల పోలో చొక్కా, నల్ల ప్యాంటు, ఈల కొనుక్కుని సాయంత్రాలు మ్యాచీలకి వెళుతుంది. మ్యాచికింతని ఇస్తారు. కొత్తవాళ్లకి మొదట చిన్న తరగతుల మ్యాచీలే అప్పగిస్తారు. కూతుళ్లని వాలీబాల్ కి దింపి కారులో కూర్చునే మన తెలుగు తల్లులు ఈ సంగతి గమనించాలి.

అయితే అక్కడా అంతా సవ్యంగా లేదు. 2018-19 నుంచి మూడేళ్లలో అన్ని ఆటల్లోనూ కలిపి సుమారు 50,000 మంది హైస్కూలు రిఫరీలు, అంపైర్లు మానేశారని అక్కడి జాతీయ సమాఖ్యే చెప్పింది. పెద్ద కారణాల్లో ఒకటి పిల్లల తల్లిదండ్రులూ ప్రేక్షకులూ తిట్టే తిట్లు. మన దగ్గర ఆ తిట్లకి తోడు “ఆడదానికేం తెలుసు?” అన్నదొకటి అదనం. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్.లక్ష్మిగారు 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రిఫరీల జాబితాలో చేరిన తొలి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో మగవాళ్ల వన్డేకీ రిఫరీగా కూర్చున్నారు. ఆడదానికేం తెలుసో ఆవిణ్ని చూస్తే తెలుస్తుంది.

ఇక అసలు ఇబ్బందులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ మనుషుల్ని ఇంట్లో కూలేసేవి అవే. గ్రౌండులో బాత్రూమ్ ఉండదు. బట్టలు మార్చుకునే గది ఉండదు. చీకటి పడ్డాక ఆఖరి మ్యాచి పెట్టి “మేడమ్, బస్సుంటుందిగా” అంటారు. పోటీలు జరిపేవారు ఈ మూడూ చూసుకుంటే వచ్చే ఆడవాళ్లకి కొదవుండదు. ఆడపిల్లల మ్యాచికి ఇద్దరు రిఫరీల్లో ఒకరైనా మహిళ ఉండాలన్న నియమం జిల్లాలో పెట్టుకోవడానికి పెద్ద ఖర్చేం కాదు. శిక్షణ తరగతులు జిల్లా కేంద్రంలో, సెలవుల్లో పెడితే చంటిపిల్లల తల్లులూ వస్తారు.

ఈసారి మీ ఊరి హైస్కూల్లో పోటీలు జరిగినప్పుడు పీఈటీ గారిని ఒక మాట అడిగి చూడండి, “స్కోరు రాయడానికి మనిషి కావాలా?” అని. కావాలనే అంటారు. ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఒక మనిషి తక్కువే.